‘మందు కల్లు’: ఉత్తర తెలంగాణలో ఒక గ్రాహకం చరిత్ర

జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల సమకాలీన చరిత్ర రచన తరచుగా 1978తో మొదలవుతుంది. జగిత్యాల జైత్రయాత్ర గురించి, అదే ఏడాది ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం గురించి పరిశోధకులు విస్తారంగా రాశారు. భూమి, కూలి, వెట్టి ఆ రచనలకు కేంద్రాలు. శ్రామికుని దేహం లోపల జరిగిన చరిత్రకు అందులో అంతగా చోటు దొరకలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాడుకలోని రెండు మాటలు ఆ చరిత్రకు దారి చూపుతాయి: చెట్టు కల్లు, మందు కల్లు.

చెట్టు కల్లులో ఈతకల్లు వేరు, తాటికల్లు వేరు. తాటిలోనూ పోతుతాటి కల్లు, పరుపుతాటి కల్లు అనే భేదాలున్నాయి. మందు కల్లుకు ఇన్ని పేర్లు లేవు. ఔషధానికి, సారాకు, పురుగుల నివారిణికి, తుపాకిలో కూరే పొడికి తెలుగువారు ‘మందు’ అనే ఒక్క మాటనే వాడుతారు. ఇక్కడ మాత్రం ఆ మాటకు మొదటి అర్థమే వర్తిస్తుంది. కల్తీ కల్లులో కలిపేవి క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం. మూడూ వైద్యశాస్త్రం ఎరిగిన ఔషధాలే.

క్లోరల్ హైడ్రేట్‌ను 1832లో లీబిగ్ తయారుచేశాడు. 1869లో లీబ్రైక్ దానిని నిద్రమందుగా వైద్యంలోకి తెచ్చాడు. డైజిపామ్ 1963లో విపణిలోకి వచ్చింది. ఔషధం కణంలో ఒక ‘గ్రాహక పదార్థం’ మీద పనిచేస్తుందని లాంగ్లీ 1905లోనే ప్రతిపాదించినా, డైజిపామ్ మెదడులో ఎక్కడ అంటుకుంటుందో 1977లో గాని తేలలేదు. ఆ గ్రాహకపు జన్యువుల నిర్మాణం 1987లో వెల్లడయింది. అంటే వాడుక ముందు, వివరణ తరువాత. ఔషధశాస్త్రంలో ఇది అరుదేమీ కాదు.

ఆ గ్రాహకం పేరు గాబా-ఎ. ఐదు ప్రోటీన్ భాగాలు వలయంగా కూడి, నడుమ ఒక సన్నని అయాన్ మార్గాన్ని ఏర్పరుస్తాయి. గాబా అణువు వచ్చి చేరినప్పుడు మార్గం తెరుచుకొని క్లోరైడ్ అయాన్లు లోపలికి వెళ్తాయి. నాడీకణం ఉద్రేకం తగ్గుతుంది. డైజిపామ్, అల్ప్రాజోలం ఆ మార్గం మరింత తరచుగా తెరుచుకొనేలా చేస్తాయి. క్లోరల్ హైడ్రేట్ శరీరంలో ట్రైక్లోరోఇథనాల్‌గా మారి అదే గ్రాహకంపై పనిచేస్తుంది. కల్లులోని ఆల్కహాల్ ప్రభావం దీనికి తోడవుతుంది. నెలల తరబడి ఇలా సాగితే కణం ఊరుకోదు. దాని అంతర్గత సంకేత వ్యవస్థ గ్రాహకాల స్పందనను తగ్గిస్తుంది, ఉద్రేకాన్ని పెంచే వ్యవస్థ బలపడుతుంది. ఆ దశలో మందు హఠాత్తుగా ఆగితే వణుకు, నిద్రలేమి, భ్రాంతులు, మూర్ఛలు వస్తాయి.

2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులు చూసినది ఇదే. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి తాకిడి పెరిగింది. ‘కల్లు దొరక్క పిచ్చెక్కింది’ అని జనం అనుకోవడం సహజమే. కాని ఈ వ్యాసకర్త దృష్టిలో ఆ వాక్యం తాగినవాడికీ, చెట్టెక్కే గీత కార్మికుడికీ అన్యాయం చేస్తుంది. తాగినవాడికి తాను ఏ ఔషధానికి అలవాటుపడ్డాడో తెలియదు. చెట్టు నుంచి దిగిన కుండలో అది లేదు. ఇటువంటి రోగికి వైద్యులు మోతాదును వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ మాన్పిస్తారు. తనిఖీ బృందం దుకాణానికి ఒక్క పూటలో తాళం వేస్తుంది.