వేలెడంత సైనికుడు, కాస్త దొంగ వెలుగు

టేబుల్ మీద యుద్ధం ఆడే బొమ్మ సైనికుడి ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు. వాడి చొక్కా మడత లోతు వెంట్రుకవాసి. గదిలో ఎంత మంచి బల్బు వేసినా ఆ మడతలో నీడ నిలవదు. ఒకే రంగు పూసి వదిలేస్తే చేయిచాపు దూరంలో ఉన్నవాడికి ముద్దలా కనిపిస్తుంది. అందుకే రంగులు వేసేవాళ్లు పల్లాల్లో లేని నీడను, అంచుల్లో లేని వెలుగును కుంచెతో పుట్టిస్తారు. షేడింగ్, హైలైటింగ్ అంటే ఇంతే. అయితే ఈ దొంగ వెలుగు బొమ్మల మీదికి తిన్నగా నడిచి రాలేదు.

జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో 1770ల్లో హిల్పెర్ట్ అనే పోతపనివాడు తగరపు సైనికుల్ని తయారుచేశాడు. రేకంత పల్చని బొమ్మలవి, పక్కనుంచి చూస్తే గీతే. అలాంటివాడికి ఛాతీ, భుజం ఉన్నట్టు కనిపించాలంటే కుంచే దిక్కు. పిల్లల కోసం చేసిన చౌక సరుకుకు అంత ఓపిక ఎవరు పెడతారు? తర్వాతి కాలపు జర్మన్ సేకరణదారులు మాత్రం ఈ రేకు బొమ్మల్ని బుల్లి తైలవర్ణ చిత్రాలుగా మార్చేశారు.

1893లో లండన్‌లో విలియం బ్రిటన్ కంపెనీ కథను మలుపు తిప్పింది. కరిగిన సీసపు మిశ్రమాన్ని అచ్చులో పోసి, పైపొర గట్టిపడగానే లోపలిది బయటికి ఒంపేశారు. బొమ్మ బోలుగా వచ్చింది, లోహం ఆదా అయింది, ధర దిగింది. ఇది నాలుగు వైపులా గుండ్రంగా ఉన్న బొమ్మ కాబట్టి నీడలు గీయాల్సిన పనిలేదనుకున్నారు. మిసమిసలాడే ఎరుపు, నలుపు, కళ్లకు రెండు చుక్కలు, బుగ్గలకు గులాబీ మరక. అంతే. వాళ్ల సరుకులో మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ పెట్టె కూడా ఉండేది. అసలు మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు ఉండేవారు కనుక, మనవాళ్లకూ ఆ పెట్టెలో చోటు దక్కిందన్నమాట.

1913లో రచయిత హెచ్.జి.వెల్స్ 'లిటిల్ వార్స్' పుస్తకంలో ఈ బొమ్మలతో పెద్దలు ఆడే ఆటకు నియమాలు రాశాడు. స్ప్రింగు ఫిరంగులతో పేల్చి సైనికుల్ని పడగొట్టే ఆట అది. రోజూ దెబ్బలు తిని పెచ్చులూడే బొమ్మకు అంచులు దిద్దుతూ కూర్చునేవాడు ఉంటాడా? ఆటలో గెలుపోటములు తేల్చడానికి ఫిరంగి పోయి పాచికలు వచ్చాకే కుంచెకు తీరిక దొరికిందని నేననుకుంటాను.

అసలు మార్పు 1980ల్లో వచ్చింది. ఇంగ్లండులో 1979లో మొదలైన సిటడెల్ మినియేచర్స్ సంస్థ, 1983లో వచ్చిన వార్‌హామర్ ఆట కలిసి బొమ్మల రూపాన్నే మార్చేశాయి. రాక్షసుడి కండలు, గొలుసు కవచం, ముడతల ముఖం: ఇవన్నీ నీడను అడుగుతాయి. అదే కాలంలో ఎనామెల్ రంగుల స్థానంలోకి అక్రిలిక్ వచ్చింది. ఎనామెల్ ఆరడానికి గంటలు, కుంచె కడగడానికి టర్పెంటైన్ కావాలి. అక్రిలిక్‌కు నిమిషాలు, గ్లాసుడు నీళ్లు చాలు. పొర మీద పొర వేయడం అప్పుడే చేతికందింది. 1987లో గోల్డెన్ డీమన్ పోటీలు మొదలై, రంగులు వేయడమే ఒక పందెమైంది.

స్పేస్ మెరీన్ అనే నీలి కవచపు వార్‌హామర్ సైనికుడికి రంగు వేసే తీరు చూడండి. ముందు మక్రాగ్ బ్లూ అనే నీలం. దాని మీద న్యుల్న్ ఆయిల్ అనే పల్చని నల్ల వాష్ వేస్తే అది అతుకుల్లోకి జారి ఆరుతుంది. ఉబ్బెత్తు చోట్ల మళ్లీ అదే నీలం. తర్వాత కాల్గార్ బ్లూతో అంచులు: కుంచె మొనతో కాదు, వెంట్రుకల పక్కభాగాన్ని కవచపు అంచుకు ఆనించి లాగాలి. చివరికి మూలల్లో మాత్రమే ఫెన్రిసియన్ గ్రే చుక్క. గొలుసు కవచానికి ఇంత తతంగం లేదు. కుంచెను కాగితానికి తుడిచి, దాదాపు రంగు లేదనిపించాక పైపైన ఆడిస్తే ఉబ్బులకే అంటుకుంటుంది. దీన్ని డ్రైబ్రషింగ్ అంటారు.

1990ల నాటి వార్‌హామర్ సైన్యాలు ఎర్రెర్రగా, పీఠాల చుట్టూ పచ్చరంగుతో సంతలా ఉండేవి. ఇప్పటివాళ్లు నవ్వుతారు గానీ, టేబుల్ అవతలి నుంచి ఎవరి దళం ఏదో ఇట్టే తెలిసేది.

2019లో సిటడెల్ వాళ్లే కాంట్రాస్ట్ రంగులు తెచ్చారు. లేత అండర్‌కోట్ మీద ఒక్క పూత వేస్తే పల్లంలో చిక్కగా, మిట్టన పల్చగా పడి నీడా వెలుగూ ఒకేసారి వస్తాయి. ఇది మోసమన్నారు కొందరు. మొదటినుంచీ మోసమే కదా ఇది! అరవైమంది కాల్బలానికి త్వరగా రంగులు వేసి ముగించాలనుకునేవాడికి అది వరమే. నున్నటి పెద్ద పలకల మీద మాత్రం మరకలు కడుతుంది. అందుకే స్పేస్ మెరీన్ భుజకవచం అంచును చాలామంది ఇప్పటికీ కుంచెతోనే లాగుతున్నారు.