బళ్ళారి ఖాతాలో పడిన అనంతపురం భూకంపం

లేపాక్షి వీరభద్రాలయంలో ఏ రోజు చూసినా ఒక స్తంభం చుట్టూ గుంపు ఉంటుంది. ఎవరో ఒకరు తువ్వాలో చీర కొంగో దాని కింద ఒక పక్క దూర్చి ఇంకో పక్క లాగుతారు. ఒక మూల దగ్గర గుడ్డ తట్టుకుంటుంది, మిగతా చోట్ల జారిపోతుంది. వెంటనే పక్కనున్నవారు రెండు మాటల్లో ఒకటి అందుకుంటారు. భూకంపం వస్తే గుడి ఊగి నిలబడటానికే పూర్వీకులు ఇలా కట్టారన్నది ఒకటి. తెల్లదొర ఒకడు గుట్టు తెలుసుకోబోయి స్తంభాన్ని కదిలించాడన్నది రెండోది.

రెండో కథ చెప్పేవారు ఒక్క పత్రమూ చూపరు. మొదటిది వినడానికి గొప్పగా ఉంటుంది గానీ కట్టడం తెలిసినవారెవరూ ఒప్పుకోరు. నేలను సరిగా ఆనని స్తంభం కప్పు బరువును మోయదు, తన బరువునే పైదూలానికి తగిలిస్తుంది. నేల అదిరినప్పుడు అది గుడికి ఆసరా కాదు, అదనపు భారం. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన ఆ మంటపం గొప్పతనానికి ఇలాంటి కల్పన అక్కరలేదు.

ఈ కథ చేసిన అసలు నష్టం వేరు. భూకంపమంటే ఉమ్మడి అనంతపురం జిల్లా జనానికి ఆ స్తంభమే గుర్తొస్తుంది తప్ప, ఈ నేల నిజంగా కదిలిన రోజు గుర్తురాదు. 1843 ఏప్రిల్ 1న బళ్ళారి ప్రాంతంలో భూమి కంపించింది. దక్కన్‌లో చాలా దూరం ఆ అదురు తెలిసింది. భూకంపాల పట్టికలన్నీ దాన్ని బళ్ళారి భూకంపమనే రాస్తాయి. అది చదివి అనంతపురానికి భూకంప చరిత్రే లేదని తేల్చేసినవారు ఒక్క సంగతి మరిచారు: అప్పటికి అనంతపురం జిల్లా పుట్టనే లేదు. గుత్తి, తాడిపత్రి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, మడకశిర అన్నీ బళ్ళారి జిల్లాలోవే. 1882లో గానీ అవి విడిపోలేదు. రాయదుర్గమైతే 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారిలోనే ఉంది. బళ్ళారికి యాభై కిలోమీటర్ల చుట్టుపక్కలున్న రాయదుర్గం, గుంతకల్లు ఆ అదురుకు దూరంగా ఉన్నాయని ఎలా అనుకోగలం? జిల్లా కచేరీ ఎక్కడుంటే చరిత్ర ఆ పేరుతోనే నమోదైంది. బళ్ళారిపై కోపం అక్కరలేదు గానీ, ఇక్కడివారు తమ వాటా అడగకపోవడం మాత్రం తప్పే.

మరిచిపోవడానికీ కారణం ఉంది. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1905లో తెచ్చిన అనంతపురం గెజిటీర్‌లో వానలకు, కరువులకు ఒక అధ్యాయమే దక్కింది. 1876లో మొదలైన ధాత కరువు ఊళ్ళనే తుడిచిపెట్టింది. డొక్కలెండినవాడికి ఎప్పుడో ఇల్లు అదిరిన సంగతి ఏం జ్ఞాపకం ఉంటుంది? యంత్రాల సాక్ష్యమూ లేదు. దేశంలో మొదటి సీస్మోగ్రాఫ్ కలకత్తా అలీపూర్‌కు చేరింది 1898లో.

“మాది గట్టి రాతి నేల, ఇక్కడ భూమి కదలదు” అని పెద్దలు ధైర్యం చెబుతారు. రాయి గట్టిదే, వందల కోట్ల ఏళ్ళ నాటిది. కానీ 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి దగ్గర కంపించిందీ దక్కను నేలే. అప్పటి భూకంప ప్రమాద పటంలో ఆ ఊరు అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్ 1లో ఉండేది. 6.2 తీవ్రతతో వచ్చిన ఆ భూకంపానికి దాదాపు పది వేల మంది పోయారు. 2002లో జోన్ 1ని ఎత్తేసి జోన్ 2లో కలిపారు. ఆ పటంలో అనంతపురం ఉన్నదీ జోన్ 2లోనే.

కిల్లారిలో జనాన్ని చంపింది ఇళ్ళే. మట్టితో పేర్చిన గుండ్రాళ్ళ గోడలు, కర్ర దూలాలు, వాటి మీద మందపాటి మన్ను. అనంతపురం పల్లెల్లో ఇప్పుడు ఒక్కొక్కటిగా మాయమవుతున్న మట్టి మిద్దెలకూ అదే పద్ధతి. దూలం మీద దంతెలు, వాటి మీద కట్టెలు పరిచి, ఆపైన మన్ను తొక్కి, దాని మీద చౌడు పోస్తారు. తొలకరికి ముందు పాత చౌడు మీదే కొత్తది చల్లుతారు. వాన కురిసినా చుక్క దిగదు, ఎండకు ఇల్లు చల్లగా ఉంటుంది. ఈ ఎండల సీమకు ఇంతకన్నా తగిన ఇల్లు లేదు. కాకపోతే ఏటికేడు పోసిన చౌడు కప్పును బరువెక్కిస్తుంది, మట్టితో నిలిచిన గోడ పక్కకు కదిలితే ఆ బరువంతా కింద పడుకున్నవారి మీదికే.

కిల్లారి భూకంపం తర్వాత అక్కడ యాభై రెండు ఊళ్ళను కొత్త చోట కట్టారు. ఉరవకొండ, రాయదుర్గం వైపు మిగిలిన మిద్దెలకు అంత పని అక్కరలేదు. కొత్త చౌడు పోసే ముందు పాతది తోడెయ్యాలి. గోడ రెండు వరసలనూ కలిపి పట్టే పొడవాటి రాళ్ళు అక్కడక్కడా దూర్చాలి. మూలలు విడిపోకుండా చుట్టూ పట్టీ కట్టాలి. ఊరి మేస్త్రీలకు చేతకాని పనులేం కావు ఇవి.