బడిలో మనసు పాఠాలు: న్యూ హేవెన్, మార్లవాయి, భీమిలి



మన గ్రూపులో డీఎడ్ చదివేవాళ్ళు, డీఎస్సీకి ప్రిపేర్ అయ్యేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ పుస్తకాల్లో ఇప్పుడు ఒక మాట పదే పదే కనిపిస్తోంది: సామాజిక భావోద్వేగ అభ్యసనం. పేరు చూసి కంగారు పడక్కర్లేదు. తన మనసులో ఏం జరుగుతోందో పిల్లోడు తెలుసుకోవడం, కోపం, భయం వచ్చినప్పుడు తట్టుకోవడం, ఎదుటివాళ్ళ బాధ అర్థం చేసుకోవడం, నలుగురితో కలిసి మెలగడం, ఆలోచించి నిర్ణయం తీసుకోవడం. అంతే. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో దీనికోసం హ్యాపీనెస్ పీరియడ్ పెట్టారు. మన రాష్ట్రంలో ఆనంద వేదిక పేరుతో వచ్చింది. పీరియడ్ పెట్టడం మంచిదే. కానీ ఈ ఆలోచన అసలు ఎక్కడ పుట్టిందో తెలిస్తే, మన మన్యం పిల్లలకు అందులో ఏం దక్కిందో, ఏం దక్కలేదో అర్థమవుతుంది.

అమెరికాలో న్యూ హేవెన్ అనే ఊరు. 1968లో జేమ్స్ కోమర్ అనే నల్లజాతి డాక్టరు, పిల్లల మానసిక వైద్యుడు, అక్కడి రెండు ప్రభుత్వ బడుల్లో పని మొదలుపెట్టాడు. ఎక్కువమంది పేద నల్లజాతి పిల్లలు. చదువులో వెనకబడ్డారు, గొడవలు ఎక్కువ. పిల్లల్లో లోపం ఉందని అందరూ అనేవాళ్ళు. కోమర్ మాత్రం ఇంటికీ బడికీ మధ్య ఉన్న దూరంలోనే లోపం ఉందన్నాడు. ఇంట్లో నేర్చుకున్న మాట, పద్ధతి బడిలో చెల్లకపోతే పిల్లోడు అక్కడ పరాయివాడైపోతాడు. అందుకే ఆయన తల్లిదండ్రులను బడి నడిపే కమిటీలో కూర్చోబెట్టాడు. ఆ పని తర్వాత మిగతా బడులకూ పాకింది. 1994లో ఈ రంగంలోని వాళ్ళంతా కలిసి సోషల్ ఎమోషనల్ లెర్నింగ్ అనే పేరును ముందుకు తెచ్చారు. అంటే దీని వేరు ఇంటికీ బడికీ మధ్య దూరం తగ్గించడంలో ఉంది. అరగంట ధ్యానం, ఒక కథ ఆ తర్వాత వచ్చినవి.

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. ఈ నైపుణ్యాలు మనవాళ్ళకు కొత్తవా? థింసా ఆట చూడండి. ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పట్టుకుని వరసగా అడుగు వెయ్యాలి. ఒకరు తప్పితే వరసంతా తప్పుతుంది, పక్కవాళ్ళే సర్దుకుని లాక్కుపోవాలి. బస్తర్ మురియాల ఘోటుల్ మీద వెరియర్ ఎల్విన్ 1947లో పెద్ద పుస్తకమే రాశాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు పని, పాట, నడవడి నేర్పే చోటు అది. మన కొండల్లో ఖోండుల ఊళ్ళలో కూడా పడుచువాళ్ళకు విడిగా ఇళ్ళుండేవి. పాతదంతా బంగారం అనడం లేదు, మన ఊళ్ళలో తగాదాలూ ఉన్నాయి, మూఢనమ్మకాలూ ఉన్నాయి. కానీ మనసును దిద్దే పని ఊరంతా కలిసి చేసేది, అదీ సొంత భాషలో చేసేది.

ఆ తర్వాత ఆశ్రమ పాఠశాల వచ్చింది. గుజరాత్ భిల్లుల మధ్య ఠక్కర్ బాపా 1922లో మొదలుపెట్టిన సేవలోంచి ఈ ఆశ్రమ పద్ధతి ఎదిగింది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వాలు దాన్ని తీసుకున్నాయి. అయిదో పంచవర్ష ప్రణాళికలో ఐటీడీఏలు వచ్చాక మన ఏజెన్సీలో హాస్టళ్ళు, ఆశ్రమ బడులు బాగా పెరిగాయి. ఆ బడులు లేకపోతే ఈ పోస్టు చదివేవాళ్ళలో చాలామందికి చదువే లేదు. ఆ మేలు మరిచిపోకూడదు. కానీ దానికి పిల్లలు ఒక ధర కట్టారు. ఎనిమిదేళ్ళ గుంటడు ఊరు వదిలి, అమ్మ భాష వదిలి, ఇటుకల పండగ కూడా వదిలి హాస్టల్లో ఉండాలి. ఇంటి మీద బెంగతో ఏడుస్తుంటే, ఎందుకు ఏడుస్తున్నావని టీచర్ తెలుగులో అడుగుతారు. పిల్లాడి దగ్గర బాధ ఉంది, దాన్ని చెప్పే మాట కూడా ఉంది. ఆ మాట కువిలోనో, ఆదివాసీ ఒరియాలోనో ఉంది. టీచర్‌కి అది రాదు. పిల్లాడు ఊరుకుంటాడు. రిజిస్టర్‌లో మాత్రం వాడు 'మొద్దు', పండక్కి ఊరెళ్ళి తిరిగి రాకపోతే 'డ్రాపౌట్'.

దీన్ని ముందే గుర్తించిన చరిత్ర మన తెలుగు నేల మీదే ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి చూడమని హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన ఆదిలాబాద్ మార్లవాయిలో 1943లో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టించాడు. గోండు యువకులకే శిక్షణ, గోండీలోనే వాచకాలు. న్యూ హేవెన్ కంటే పాతికేళ్ళ ముందు మాట ఇది. పిల్లాడికి ఎదురుగా తన మనిషి ఉండాలి అన్నదే ఆ పథకం సారం.

అదే దారిలో తర్వాత కొన్ని అడుగులు పడ్డాయి. 1986లో జీవో 275, దాని తర్వాత 2000 జనవరి 10న జీవో 3. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది జీవో 3. మనవాళ్ళు దీన్ని ఉద్యోగాల జీవోగానే చూశారు. కానీ బడిలో కూర్చున్న పిల్లాడి వైపు నుంచి చూస్తే, అది తన ఏడుపు అర్థమయ్యే మనిషిని ఇచ్చిన జీవో. 2004లో కువి, కొండ, ఆదివాసీ ఒరియా, సవర, కోయ, గోండి, కొలామి, బంజారా అనే 8 భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. ముందు అమ్మ భాష, మెల్లగా తెలుగు. 2009 విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్లో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి: వీలైనంత వరకు మాతృభాషలో బోధన, పిల్లలకు భయం, ఆందోళన లేకుండా చేయడం. చట్టం రాసినవాళ్ళు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టారు. మన బడుల్లో అవి విడిపోయాయి.

2020 ఏం చేసిందో చూడండి. ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం జీవో 3ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ ఇతరులకు అవకాశం లేకుండా చేస్తుంది, అది రాజ్యాంగానికి విరుద్ధం అంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళను షరతులతో ఉంచింది గానీ, కొత్త పోస్టులకు ఆ భరోసా పోయింది. మూడు నెలలు తిరగ్గానే జులై 29న జాతీయ విద్యా విధానం వచ్చింది. చిన్న తరగతుల్లో మాతృభాష ఉండాలని, పిల్లల సామాజిక, భావోద్వేగ ఎదుగుదల ముఖ్యమని అందులో రాశారు. అంటే ఒకే ఏడాదిలో మనసు పాఠం విధానంలోకి వచ్చింది, ఆ పాఠాన్ని పిల్లాడి భాషలో చెప్పే మనిషి గ్యారంటీ పోయింది. జీవో కోసం పోరాటం ఇంకా నడుస్తోంది, నడవాలి కూడా. ఈలోగా బడి ఆగదు కదా. అందుకే భీమిలి గురించి మాట్లాడుకోవాలి.

ఉమ్మడి విశాఖ జిల్లా డైట్ భీమునిపట్నంలో ఉంది. 1986 విద్యా విధానం తర్వాత జిల్లాకొకటి చొప్పున పెట్టిన ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో అదొకటి. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడే దాకా పాడేరు, అరకు వైపు 11 మండలాలూ విశాఖ జిల్లాలోవే. భీమిలిలో మున్సిపాలిటీ 1861లోనే వచ్చింది. డచ్చి వాళ్ళ సమాధులున్న పాత రేవు ఊరు. అక్కడ సముద్రంలో కలిసే గోస్తని మన అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి వస్తుంది. మన నీళ్ళు భీమిలి దిగుతాయి, భీమిలిలో నేర్చుకున్న టీచర్లు మన కొండెక్కుతారు. వాళ్ళు అక్కడ ఏం నేర్చుకుని వస్తారన్నదే మన పిల్లల మనసుకు సంబంధించిన ప్రశ్న.

మనం గట్టిగా అడగాల్సినవి మూడు ఉన్నాయి. ఒకటి, మన్యంలో పనిచేయబోయే ప్రతి టీచర్‌కీ, ఏ కులమైనా సరే, శిక్షణలోనే ఒక ఆదివాసీ భాష నేర్పాలి. కనీసం 'ఏమైంది నాన్నా, కడుపు నొప్పా, ఇంటి మీద బెంగా' అని అడిగేంత. రెండు, ఆనందం పీరియడ్‌లో మన కథలు, మన పాటలు, మన ఆటలు ఉండాలి, చెప్పడానికి ఊరి పెద్దలను పిలవాలి. కోమర్ చేసింది అదే. మూడు, హాస్టల్ సెలవులు మన పండగలను చూసి పెట్టాలి. వీటిలో ఏదీ కోర్టు తీర్పుకు అడ్డం రాదు.

డీఎడ్ చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, పరీక్షలో ఈ ప్రశ్న వస్తే అయిదు నైపుణ్యాలు రాసి మార్కులు తెచ్చుకోండి. ఉద్యోగం వచ్చాక మాత్రం మొదటిరోజు పిల్లాడిని వాడి భాషలోనే పేరు అడగండి. మీ మండలంలో ఏ భాష మాట్లాడే పిల్లలు ఏ బడిలో ఉన్నారో, అక్కడ ఆ భాష వచ్చిన టీచర్ ఉన్నారో లేరో కింద కామెంట్లో రాయండి. ఊరి పేరు, భాష చాలు, ఎవరి పేర్లూ వద్దు. ఆ లెక్క మన చేతిలో ఉంటే పాడేరులో అయినా, భీమిలిలో అయినా అడిగే మాటకు బలం ఉంటుంది.

జై ఆదివాసీ.