థాయ్‌లాండ్‌లో విదేశీ విశ్రాంతవాసుల సొంత ఇళ్లు: సరిహద్దులు మూసిన కాలం

ఉద్యోగ విరమణ తర్వాత శేషజీవితం గడపడానికి థాయ్‌లాండ్‌లో ఇల్లో కాండో ఫ్లాటో సమకూర్చుకున్న విదేశీయులు చాలామంది ఉన్నారు. బ్రిటన్, జర్మనీ, స్కాండినేవియా దేశాలు, అమెరికా, ఆస్ట్రేలియా, జపాన్ నుంచి వచ్చిన వీరు పట్టయా, హువా హిన్, ఫుకెట్, చియాంగ్ మైలలోనూ, ఈశాన్యాన ఇసాన్ ప్రాంతపు పల్లెల్లోనూ స్థిరపడ్డారు. కోవిడ్-19 వ్యాప్తి వల్ల 2020 మార్చి నుంచి 2022 జూలై వరకు థాయ్‌లాండ్ అమలు చేసిన ప్రవేశ ఆంక్షలు వీరిలో పలువురిని తమ ఇళ్లకు దూరం చేశాయి. థాయ్ చట్టంలో ఆస్తి వ్యవహారం భూమి శాఖది, దేశంలోకి రానివ్వడం ఇమిగ్రేషన్ శాఖది. ఒక శాఖ ఇచ్చిన పత్రం రెండో శాఖ దగ్గర చెల్లదు. విమానాలు తిరిగినన్నాళ్లు ఈ సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు.

పూర్వరంగం

సియాంలో (థాయ్‌లాండ్ పాత పేరు) విదేశీయుల నివాస హక్కు 1855 నాటి బౌరింగ్ ఒప్పందంతో రాతపూర్వకంగా మొదలైంది. రాజు మోంగ్‌కుట్ కాలంలో బ్రిటన్‌తో కుదిరిన ఈ ఒప్పందం ప్రకారం బ్రిటిష్ ప్రజలు బ్యాంకాక్‌లో ఉండవచ్చు, ఇళ్లు కొనవచ్చు, కట్టుకోవచ్చు. నగర గోడలకు సుమారు నాలుగు మైళ్ల లోపల నేల కొనాలంటే మాత్రం ముందు పదేళ్లు ఆ దేశంలో కాపురం ఉండాలి. అంతకు బయట, బ్యాంకాక్ నుంచి పడవలో 24 గంటల ప్రయాణ దూరం వరకు ఎక్కడైనా కొనుక్కోవచ్చు. నివాసాన్నీ ఆస్తినీ ఒకే వాక్యంలో ముడివేసిన ఈ నిబంధన, తర్వాత వచ్చిన చట్టాలన్నింటికంటే ఆ ఒక్క విషయంలో స్పష్టమైనది. తక్కిన పాశ్చాత్య దేశాలూ ఇలాంటి ఒప్పందాలు చేసుకున్నాయి, 20వ శతాబ్దంలో అవి ఒక్కొక్కటే రద్దయ్యాయి.

1954 భూమి చట్టం విదేశీయులకు నేల మీద యాజమాన్యాన్ని దాదాపు పూర్తిగా నిరాకరించింది. 1999లో చేర్చిన మినహాయింపు కింద 4 కోట్ల బాట్లు పెట్టుబడి పెట్టినవారు, అనుమతి దొరికితే, నివాసం కోసం ఒక రాయ్ (1,600 చదరపు మీటర్లు) వరకు కొనవచ్చు. పింఛను మీద బతికేవారికి అది అందే మొత్తం కాదు.

అందువల్ల వారికి మిగిలినవి మూడు దారులు. మొదటిది కాండో. 1979 కాండోమినియం చట్టాన్ని 1991లో సవరించి, ఒక భవనంలో 40 శాతం వరకు విదేశీయులు తమ పేరిటే కొనుక్కునే వీలు కల్పించారు. ఆసియా ఆర్థిక సంక్షోభం తర్వాత 1999లో దాన్ని 49 శాతానికి పెంచారు. కొనే డబ్బు విదేశీ కరెన్సీలో బయటి నుంచి రావాలి, వచ్చినట్టు థాయ్ బ్యాంకు పత్రం ఇవ్వాలి. ఆ పత్రం లేకపోతే రిజిస్ట్రేషన్ జరగదు. రేపు అమ్మినప్పుడు సొమ్ము వెనక్కి పంపుకోవడానికీ అదే ఆధారం. రెండోది 30 ఏళ్లకు మించని లీజు. మూడోది థాయ్ భార్య పేరిట నేల కొని ఇల్లు కట్టడం. ఇసాన్ పల్లెల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఈ పద్ధతిలో భర్త భూమి కార్యాలయానికి వెళ్లి, కొనుగోలుకు పెట్టిన సొమ్ము పూర్తిగా భార్య సొంత ఆస్తి అని సంతకం చేయాలి. జీవితాంతం అనుభవించే హక్కును హక్కుపత్రం వెనక రాయించుకున్న భర్తలు జాగ్రత్తపరులు.

ఏటేటా పొడిగించుకునే నివాసం

విశ్రాంత జీవితం కోరి వచ్చేవారికి 50 ఏళ్లు నిండి ఉండాలి. థాయ్ బ్యాంకులో 8 లక్షల బాట్ల డిపాజిట్ గానీ, నెలకు 65,000 బాట్ల ఆదాయం గానీ, రెండూ కలిపి సరిపోయే మొత్తం గానీ చూపాలి. అనుమతి ఏడాదికే. ప్రతి సంవత్సరం స్థానిక ఇమిగ్రేషన్ కార్యాలయానికి స్వయంగా వెళ్లి 1,900 బాట్లు కట్టి పొడిగించుకోవాలి. ప్రతి 90 రోజులకూ ఎక్కడ ఉంటున్నదీ తెలపాలి. దేశం దాటే ముందు రీఎంట్రీ పర్మిట్ తీసుకోకపోతే పొడిగింపు రద్దవుతుంది. గడువులోపు తిరిగి రాకపోయినా అంతే, బయటి దేశం నుంచి దాన్ని పొడిగించే వీలు లేదు. ఇరవై ఏళ్లు అక్కడే ఉన్నవారైనా మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవాల్సిందే.

విదేశీయులకు మున్సిపాలిటీ ఇచ్చే పసుపు రంగు ఇంటి పుస్తకం ఒకటి ఉంది. థాయ్ పౌరులకు నీలం పుస్తకం, విదేశీయులకు పసుపు పుస్తకం. ఇంటి చిరునామా, అందులో ఉండే విదేశీయుడి పేరు థాయ్ లిపిలో రాసి ముద్ర వేసి ఇస్తారు. డ్రైవింగ్ లైసెన్సుకూ వాహనం రిజిస్ట్రేషన్‌కూ పనికొస్తుంది. దాన్ని సంపాదించడానికి సాక్షులను వెంటబెట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరిగినవారు దాన్ని తమ స్థిరనివాసానికి గుర్తుగా భావించడం సహజం. ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో మాత్రం అది ఏ నివాస హక్కూ ఇవ్వదు.

మహమ్మారికి ముందే నిబంధనలు బిగిశాయి. 2019 నుంచి బ్రిటిష్, అమెరికన్, ఆస్ట్రేలియన్ ఎంబసీలు ఆదాయ ధ్రువీకరణ లేఖలు ఇవ్వడం మానేశాయి. అదే ఏడాది మార్చిలో బ్యాంకు డిపాజిట్‌ను పొడిగింపు తర్వాత మూడు నెలల పాటు కదపకూడదని, ఆపైన కూడా 4 లక్షల బాట్లకు తగ్గకూడదని నియమం వచ్చింది. అక్టోబరు 31 నుంచి విశ్రాంతవాసులకు ఇచ్చే ఓ-ఏ తరగతి వీసాకు ఆరోగ్య బీమా తప్పనిసరైంది.

2020 మార్చి నుంచి జూన్ వరకు

చైనా వెలుపల తొలి కోవిడ్ కేసు థాయ్‌లాండ్‌లోనే, 2020 జనవరి 13న నిర్ధారణ అయింది. మార్చి 22 నుంచి దేశంలోకి వచ్చే విదేశీయులకు వైద్య ధ్రువపత్రం, లక్ష డాలర్ల బీమా అడిగారు. ప్రధాని ప్రయుత్ చాన్-ఓ-చా ప్రభుత్వం మార్చి 26 నుంచి అత్యవసర పరిస్థితి అమలు చేసి, కొద్ది మినహాయింపులతో విదేశీయుల ప్రవేశాన్ని ఆపింది. ఏప్రిల్ 4న ప్రయాణికుల విమానాల రాకను నిషేధించింది. రెండు మూడు రోజులకని మొదలైన ఆ నిషేధాన్ని విడతలు విడతలుగా పొడిగిస్తూ జూన్ నెలాఖరుకు చేర్చారు.

ఆ సమయంలో ఎవరు ఎక్కడ ఉన్నారన్నదే వారి గతిని నిర్ణయించింది. యూరప్ చలి తప్పించుకోవడానికి నవంబరులో వచ్చి ఏప్రిల్ ఎండలకు ముందు వెళ్లిపోయే అలవాటు ఉన్నవారు చాలామంది. చియాంగ్ మై పరిసరాల్లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు తగలబెట్టే పొగ కమ్ముకుంటుంది. దానికి జడిసి కొన్ని వారాలు ఊరు విడిచేవారూ ఉన్నారు. మనవల్ని చూడటానికో ఆస్పత్రి పనికో స్వదేశం వెళ్లినవారు అక్కడే ఉండిపోయారు.

ఎవరికి ముందు తలుపు తెరిచారు

జూలై 1 నుంచి కొన్ని వర్గాల విదేశీయులను అనుమతించారు. థాయ్ పౌరుల భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, శాశ్వత నివాస పత్రం ఉన్నవారు, వర్క్ పర్మిట్ ఉన్నవారు, విద్యార్థులు, వైద్యం కోసం వచ్చేవారు ఆ జాబితాలో ఉన్నారు. విశ్రాంతవాసులకు అందులో చోటు లేదు. ఇల్లు భార్య పేరిట పెట్టి, తన పేరిట గజం నేల కూడా లేని, ఇసాన్‌లోని ఉదోన్ థానీ విదేశీ అల్లుడు పెళ్లి ధ్రువపత్రం చూపి వచ్చేశాడు. సొంత పేరిట కాండో రిజిస్టరై, బ్యాంకులో 8 లక్షలు నిలవ ఉన్న పట్టయా యజమాని నెలల తరబడి బయటే ఉండిపోయాడు. కుటుంబాలను కలపాలన్న ఉద్దేశం మంచిదే. అయితే ఆ వరుసలో ఒంటరి వృద్ధులు చివరన పడ్డారు.

2020 చివరి నెలల్లో రిటైర్మెంట్ వీసాదారులకు, చెల్లుబాటులో ఉన్న రీఎంట్రీ పర్మిట్ గలవారికి దారి తెరుచుకుంది. సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించిన ప్రత్యేక పర్యాటక వీసా 90 రోజులకు ఇచ్చి, మరో రెండుసార్లు పొడిగించేది. దానికి బస ఆధారంగా సొంత కాండో పత్రాన్ని కూడా అంగీకరించారు. ఇంటి కాగితానికి ఇమిగ్రేషన్ వ్యవహారంలో కాస్త విలువ దక్కిన అరుదైన సందర్భం ఇది.

ఏ వర్గం వారైనా ప్రవేశ ధ్రువపత్రం (సీఓఈ) తీసుకోవాల్సి వచ్చేది. థాయ్ ఎంబసీకి ఆన్‌లైన్‌లో వీసా, బీమా పంపితే ముందస్తు ఆమోదం వచ్చేది. తర్వాత అనుమతించిన విమానంలో టికెట్, ప్రభుత్వం గుర్తించిన క్వారంటైన్ హోటల్‌లో గది బుక్ చేసి ఆ రసీదులు పంపితే అసలు పత్రం వచ్చేది. బయల్దేరే ముందు 72 గంటల లోపు పీసీఆర్ పరీక్ష, ప్రయాణానికి తగినవారన్న డాక్టర్ సర్టిఫికెట్ కూడా ఉండాల్సి వచ్చేది. హోటల్ ఖర్చు ప్రయాణికుడిదే. ఊళ్లో సొంత ఇల్లు ఖాళీగా ఉన్నా 14 రోజులు హోటల్ గదిలో గడపాల్సి వచ్చేది. 2021 ఏప్రిల్‌లో ఈ గడువును తగ్గించి, కొత్త కేసులు పెరగడంతో మే నుంచి మళ్లీ 14 రోజులకు పెంచారు.

అన్నింటికంటే కష్టమైన నిబంధన బీమా. 75 దాటినవారికి కొత్త పాలసీ ఇవ్వడానికి కంపెనీలు వెనుకాడతాయి, ఇచ్చినా పాత జబ్బులను మినహాయిస్తాయి. వైద్య ఖర్చును బ్యాంకు డిపాజిట్‌తో భరించగలిగినవారికీ మొదట్లో వేరే మార్గం చూపలేదు. వృద్ధుల కోసమే పెట్టిన వీసా తరగతికి వృద్ధులకు దొరకడం కష్టమైన పత్రాన్ని షరతుగా పెట్టడం ఈ కాలపు విధానాల్లో సమర్థించలేని అంశం.

మూసి ఉన్న ఇళ్లు

యజమాని లేకపోయినా ఖర్చు ఆగలేదు. కాండోల్లో చదరపు మీటరు లెక్కన నిర్వహణ రుసుము వసూలు చేస్తారు. 2008 సవరణ ప్రకారం గడువు దాటితే ఏడాదికి 12 శాతం దాకా, ఆరు నెలలు దాటితే 20 శాతం దాకా జరిమానా పడుతుంది. యజమాని ఓటు హక్కు పోతుంది. బకాయి లేదని భవన నిర్వహణ సంస్థ లేఖ ఇస్తేనే ఫ్లాట్ అమ్మడం సాధ్యం. మే నుంచి అక్టోబరు వరకు వానలు. ఏసీ నడవని గదుల్లో పరుపులకు, తోలు చెప్పులకు, అలమర వెనక గోడకు బూజు పట్టేది. తాళం చెవి పక్కింటివారి దగ్గరో వాచ్‌మన్ దగ్గరో వదిలి వెళ్లినవారు ఆ మేరకు నయం. కిటికీలు తీసి గాలి తగలనిచ్చినది, కరెంటు బిల్లు కట్టి మీటరు నిలబెట్టినది, మొక్కలకు నీళ్లు పోసినది చాలాచోట్ల ఈ ఇరుగుపొరుగే. ఏ ప్రభుత్వ పత్రంలోనూ నమోదు కాని ఈ సాయానికి విశ్రాంతవాసులు ఎంతో రుణపడి ఉన్నారు.

దేశం లోపల ఉన్నవారికి ప్రభుత్వం ఉదారంగా వ్యవహరించింది. వీసా గడువు ముగిసినా జరిమానా లేకుండా 2020 జూలై 31 వరకు, తర్వాత సెప్టెంబరు 26 వరకు, ఆపై అక్టోబరు 31 వరకు వెసులుబాటు ఇచ్చింది. టీకాల విషయంలో 2021 మధ్య నెలల్లో గందరగోళం నెలకొంది. జూన్ 7న దేశవ్యాప్తంగా టీకాలు మొదలైనా విదేశీ వృద్ధులు ఎక్కడ నమోదు కావాలో తెలియక తిరిగారు. ఫ్రాన్స్ తన పౌరులకు టీకాలు తానే పంపింది.

ఇతర దేశాల్లో

మలేషియా 2002 నుంచి నడుపుతున్న ‘మై సెకండ్ హోమ్’ పథకంలో విదేశీయులు పదేళ్ల వీసా పొంది, పెనాంగ్, కౌలాలంపూర్‌లలో నేల హక్కుతో సహా ఇళ్లు కొన్నారు. 2020 మార్చి 18న సరిహద్దు మూసినప్పుడు వారూ బయట చిక్కుకున్నారు. సెప్టెంబరులో కేసులు లక్షన్నర దాటిన దేశాల పౌరులను నిషేధించినప్పుడు పథకం సభ్యులకూ మినహాయింపు ఇవ్వలేదు. 2021లో నెలసరి ఆదాయ షరతును 40,000 రింగిట్లకు పెంచారు. ఉత్తర అమెరికాలో రోడ్డు సరిహద్దు మూసినా, ఫ్లోరిడాలో ఇళ్లున్న కెనడా పెద్దలు విమానంలో వెళ్లగలిగారు. కెనడాలో వేసవి ఇళ్లున్న అమెరికన్లు 2021 ఆగస్టు 9 దాకా ఆగారు.

భారతదేశంలో ఇదే స్థితి ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నవారికి ఎదురైంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న తెలుగువారిలో రిటైరయ్యాక ఏడాదిలో కొన్ని నెలలు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం ఫ్లాట్లలో గడిపేవారు ఎందరో. ఓసీఐకి ఇల్లు కొనే హక్కు ఉంది, వ్యవసాయ భూమి కొనే హక్కు లేదు. జీవితాంతం వీసా అక్కర్లేదన్న ఆ కార్డు సౌకర్యాన్ని కేంద్రం 2020 మార్చి 13 నుంచి నిలిపివేసింది. మే 22న మైనరు పిల్లలు, కుటుంబంలో మరణం వంటి అత్యవసరాలు, మరికొన్ని వర్గాలకు సడలింపు ఇచ్చింది. ఇక్కడ ఇల్లు ఉండటం ఆ జాబితాలో లేదు. కార్డుదారులందరికీ మళ్లీ అనుమతి అక్టోబరులో వచ్చింది.

ఆంక్షల తొలగింపు, తర్వాతి మార్పులు

2021 జూలై 1న ‘ఫుకెట్ శాండ్‌బాక్స్’ మొదలైంది. టీకా వేసుకున్నవారు 14 రోజులు ద్వీపం దాటకుండా తిరిగి, ఆ తర్వాత దేశంలో ఎక్కడికైనా వెళ్లే వీలుండేది. హోటల్ గదిలో బందీ కానక్కర్లేని ఈ ఏర్పాటు ఇల్లు చేరే మార్గంగా విశ్రాంతవాసులకు బాగా ఉపయోగపడింది. నవంబరు 1న సీఓఈ స్థానంలో ‘థాయ్‌లాండ్ పాస్’ వచ్చింది, బీమా మొత్తం 50,000 డాలర్లకు తగ్గింది. 2022 మేలో అది 10,000 డాలర్లయింది. జూలై 1న థాయ్‌లాండ్ పాస్, దానితో పాటు బీమా షరతు రద్దయ్యాయి. ఓ-ఏ వీసాదారులకు మాత్రం 2021 అక్టోబరు నుంచి లక్ష డాలర్ల స్థాయి బీమా విడిగా అమల్లోకి వచ్చింది.

2022 సెప్టెంబరు 1న ప్రారంభమైన పదేళ్ల దీర్ఘకాల నివాస వీసా ఏటా 80,000 డాలర్ల పింఛను వంటి ఆదాయం ఉన్న సంపన్నులకు ఉద్దేశించింది. ఆదాయం 40,000 డాలర్లకు తగ్గకుండా, థాయ్ బాండ్లలో గానీ ఆస్తిలో గానీ 2.5 లక్షల డాలర్లు పెట్టినవారికీ అవకాశం ఉంది. ఇంటి కొనుగోలును నివాస అనుమతితో కలిపిన ఈ నిబంధన సాధారణ పింఛనుదారుకు అందనంత ఎత్తులో ఉంది. అక్టోబరులో మంత్రివర్గం సూత్రప్రాయంగా ఆమోదించిన, విదేశీయులు ఒక రాయ్ భూమి కొనే పథకాన్ని, దేశాన్ని అమ్మేస్తున్నారన్న నిరసన రావడంతో నవంబరులో ఉపసంహరించుకుంది. 2024 జూన్‌లో కాండోల్లో విదేశీ వాటాను 75 శాతానికి, లీజును 99 ఏళ్లకు పెంచే విషయం పరిశీలించమని అంతర్గత వ్యవహారాల శాఖను ప్రభుత్వం కోరింది. వాటా, లీజు గడువుల గురించిన ఆ ప్రతిపాదనలో యజమాని దేశంలోకి ప్రవేశించే హక్కు ప్రస్తావన లేదు.