అడుగు అబ్బే కాలం: అనకాపల్లి సీమ ఆటలలో అభ్యాస చరిత్ర

సల్సా నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందన్నది నేడు విశాఖపట్నం, హైదరాబాదు వంటి నగరాలలోని నృత్యశిక్షణ కేంద్రాలలో కొత్తగా చేరవచ్చినవారు తొలిరోజే అడిగే ప్రశ్న. నెలకు ఇంత రుసుము, వారానికి ఇన్ని తరగతులు అన్న లెక్క ఉన్నచోట ఆ ప్రశ్న సహజమే గాని, విశాఖకు పడమరగా శారదా నది ఒడ్డున ఉన్న అనకాపల్లి చుట్టుపక్కల ఆటల చరిత్రను చూస్తే, ఇటువంటి ప్రశ్న చాలాకాలం పాటు కొన్ని ఆటల విషయంలో అసలు పుట్టనే లేదని, మరికొన్నింటి విషయంలో మాత్రం దానికి ఏళ్లతోనే జవాబు చెప్పేవారని తెలుస్తుంది. తెలుగులో ఆట అన్న మాట క్రీడకూ నృత్యానికీ రెండింటికీ చెల్లుతుంది. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఇమిడి ఉండటం ఇక్కడి అభ్యాస పద్ధతిని అర్థం చేసుకోవడానికి ఎంతో ఉపకరిస్తుంది. పిల్లవాడు గోళీలాట ఎన్నాళ్లలో నేర్చుకున్నాడని ఎవరూ లెక్కపెట్టనట్లే, ఊరంతా కలిసి ఆడే ఆటలో అడుగు ఎప్పుడు కలిసిందో కూడా ఎవరూ లెక్కపెట్టలేదు.

బెల్లం మార్కెట్టుకు, శంకరం దగ్గరి బొజ్జన్నకొండ బౌద్ధ క్షేత్రానికి, గవరపాలెంలోని నూకాలమ్మ గుడికి పేరుపడ్డ అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడి ప్రత్యేక జిల్లా కేంద్రమైంది. అదే రోజున అరకు, పాడేరు ప్రాంతాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి గాని, చోడవరం, మాడుగుల దాటగానే కొండలు ఎదురయ్యే ఈ నేలలో మన్యానికీ మైదానానికీ మధ్య రాకపోకలను జిల్లా గీత ఏనాడూ ఆపలేదు. అందువల్ల ఇక్కడి ఆటల చరిత్రలో కొండమీది థింసా, పల్లెల కోలాటం, తప్పెటగుళ్లు, రాత్రంతా సాగే తూర్పు భాగవతం ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. వీటిలో ఒక్కొక్కటి కొత్తవారిని ఒక్కొక్క తీరుగా చేర్చుకుంటుంది.

అన్నింటిలోకీ కొత్తవారిని తేలికగా కలుపుకొనేది థింసా. బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జ తదితర గిరిజన తెగలవారు పండుగలకు, ముఖ్యంగా చైత్రమాసపు వేడుకలలో, పెళ్లిళ్లలో ఆడే ఈ ఆటకు సన్నాయిని పోలిన మోరి, తుడుము, డప్పు, కిరిడి అనే వాద్యాలు తోడుంటాయి. ఆడేవారు వరుసగా నిలబడి, ఒక్కొక్కరు తమ చేతిని పక్కవారి నడుము వెనుకగా పోనిచ్చి అవతలివారి చేతిని పట్టుకుంటారు. అలా అల్లుకున్న చేతుల గొలుసు వీపుల వెనుక బిగిసి ఉంటుంది గనుక వరుసలో ఏ ఒక్కరూ విడిగా ముందుకు పడరు, వెనుకకు జారరు. తొలిసారి ఆడే పిల్లను ఇద్దరు అనుభవజ్ఞుల మధ్య నిలబెడితే, ఆమె పాదానికి తెలియని లయ ముందు ఆమె నడుముకు, భుజాలకు తెలుస్తుంది. కుడివైపు వారి బరువు ఎటు ఒరిగితే అటే తానూ ఒరగవలసి వస్తుంది. కళ్లతో చూసి, చెవితో విని, బుద్ధితో లెక్కించి నేర్చుకోవడం ఆ తరువాతి సంగతి.

థింసాలో రకాలున్నాయి, వాటి కష్టంలోనూ తేడాలున్నాయి. గ్రామదేవత పేరిట ఆడే బోడ థింసా గుండ్రంగా సాగే నిదానపు ఆట. గొడ్డి బేట థింసాలో తలలు వంచుతూ ఎత్తుతూ పాతిక అడుగుల దాకా ముందుకు పోయి మళ్లీ వెనుకకు వస్తారు. ఆకులు ఏరడాన్ని అభినయించే పోతర్ తోలాలో ఒకదాని వెనుక ఒకటిగా నిలిచిన రెండు వరుసలు ముందుకూ వెనుకకూ కదులుతాయి. పులి బారినుంచి తప్పించుకోవడాన్ని చూపే బాగ్ థింసాలో సగంమంది మునివేళ్ల మీద నిలిచి వలయం కడితే, మిగిలినవారు వేగంగా ఆ వలయంలోకి చొరబడి పాముచుట్టలా చుట్టుకుంటారు. బోడ థింసాలో తొలిరోజునే కలిసిపోగల పిల్ల, బాగ్ థింసాలో చొరబడే జట్టులోకి రావడానికి పండుగలు కొన్ని గడవాలి. కానీ ఆ నిరీక్షణను ఎవరూ శిక్షణ అనలేదు, ఎందుకంటే ఆ మధ్యకాలంలో ఆమె బయట నిలబడి లేదు, ఆటలోనే ఉంది. నేర్చుకోవడమూ ఆడటమూ వేరువేరు కాలాలుగా విడిపోనిచోట ఎన్నాళ్లు అన్న ప్రశ్నకు తావుండదు.

మైదానపు కోలాటంలో ఈ రెండూ కొంచెం విడిపడతాయి. కోలలతో ఆడే వలయ నృత్యాలు తెలుగునాట ఎంత పాతవో తెలుసుకోవడానికి జాయపసేనాని సంస్కృతంలో రచించిన నృత్తరత్నావళి ఒక ఆధారం. కాకతీయ గణపతిదేవుని గజసేనాధిపతి అయిన జాయప 1253-54 ప్రాంతంలో పూర్తిచేసిన ఈ గ్రంథంలో 8 అధ్యాయాలున్నాయి. మొదటి నాలుగు మార్గ పద్ధతికి, అంటే భరతుని శాస్త్రాన్ని అనుసరించే నృత్యానికి, తరువాతి నాలుగు దేశి పద్ధతికి, అంటే ఆయా ప్రాంతాల జనం తమ రుచిని బట్టి పెంచుకున్న నృత్యాలకు కేటాయించబడ్డాయి. ఆ దేశి నృత్యాలలో కోలలు పట్టి ఆడే దండరాసకం ఒకటి. జన సామాన్యపు ఆటలకు తన గ్రంథంలో శాస్త్రంతో సమానంగా చోటిచ్చిన ఆ సేనాని చూపు, ఏడు వందల డెబ్బై ఏళ్ల తరువాత కూడా గౌరవించదగినది.

నేటి పల్లె కోలాటంలో ఆటగాళ్లు జంటలుగా, తరచు లోపలి వలయం, వెలుపలి వలయం అని రెండు వరుసలుగా నిలుస్తారు. మధ్యలో ఉండే గురువు పాట ఎత్తుకొని, తాళం వేస్తూ, ఈల వేసి లేదా కేక పెట్టి ఒక కోపు నుంచి మరో కోపుకు మళ్లిస్తాడు. కోపు అంటే అడుగులు, తిరుగుళ్లు, కోలదెబ్బలు కలిసిన ఒక నిర్దిష్టమైన అల్లిక. వ్యవసాయపు పనులు తెరపి ఇచ్చిన రాత్రులలో గుడిముందో, చావడి దగ్గరో నేర్పు సాగుతుంది. కొత్తవాడికి ముందు చేయి కుదరదు: ఎదుటివాని కోలను కొట్టడానికి బదులు వేళ్లమీద కొట్టి, అవతలివాడు చేయి విదిలించుకోగా సిగ్గుపడతాడు. చేయి కుదిరాక కాలు తప్పుతుంది, కాలూ చేయీ కలిశాక పాట నోట రాదు. మూడూ ఒకేసారి నిలిచేసరికి పక్షాలు గడుస్తాయి. స్తంభానికి కట్టిన తాళ్లను ఒక్కొక్కరు ఒకటి పట్టుకొని జడలా అల్లి మళ్లీ విప్పే జడ కోలాటానికి ఒక్కరి నేర్పు చాలదు. ఒకరు తప్పితే అల్లిక అంతా చిక్కుపడుతుంది గనుక, అక్కడ కాలాన్ని నిర్ణయించేది చురుకైనవాడు కాదు, జట్టులో అందరికంటె నిదానంగా నేర్చుకొనేవాడు.

ఉత్తరాంధ్రకు ప్రత్యేకమైన తప్పెటగుళ్లు ఇంతకంటె కఠినమైనవి. గొల్లలు, అంటే పశుపోషణ వృత్తిగా గల యాదవులు, గంగమ్మను కొలుస్తూ ఆడే ఈ ఆటలో ప్రతి ఆటగాడి రొమ్ముమీదా తప్పెట అనే గుండ్రని చర్మవాద్యం వేలాడుతుంది. రెండు చేతులతో దాన్ని వాయిస్తూ, కాళ్లకు గజ్జెలు కట్టి గెంతుతూ, గురువు పాడిన పాటకు వంతపాడుతూ పదిహేను ఇరవై మంది ఒక్కుమ్మడిగా కదలాలి. ఆట ముదిరినకొద్దీ ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురంలా నిలుస్తారు, ఆ స్థితిలోనూ తప్పెట ఆగదు. ఇక్కడ వాద్యమూ నృత్యమూ గానమూ ఒకే శరీరానికి అప్పగించబడ్డాయి. అటువంటి బరువు మోయడానికి బాల్యం నుంచి వినికిడి, యౌవనపు బలం రెండూ కావాలి. అందుచేత ఈ విద్య కుటుంబాలలోనే సాగుతూ వచ్చింది.

చూసేవారి కోసం ఆడే ఆటల దగ్గర లెక్క పూర్తిగా మారిపోతుంది. సింహాచలం, శ్రీకూర్మం ఆలయాల శాసనాలలో కనిపించే సానులు, అంటే దేవుని సన్నిధిలో ఆడి పాడే స్త్రీలు, చిన్నతనం నుంచే అభ్యాసానికి అంకితమైనవారు. ఆ వ్యవస్థ వారి జీవితాలకు పెట్టిన కట్టుబాట్లు క్రూరమైనవి. మద్రాసు రాష్ట్రంలో 1947లో దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ వచ్చిన చట్టం అవసరమైనదే. అయితే ఆ కట్టుబాట్లతో పాటు తరాల విద్య కూడా చెదిరిపోకుండా, నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ (1923-2011) కళావంతుల, అంటే ఆ దేవదాసీ వృత్తికి చెందిన, కుటుంబాలలోని వృద్ధ కళాకారిణుల దగ్గర మిగిలినదాన్ని సేకరించి ఆంధ్రనాట్యం పేరిట నిలబెట్టారు. ఏళ్లు వెచ్చించి నేర్చిన స్త్రీల పేర్లు చాలావరకు చరిత్రకెక్కలేదన్నది ఈ కథలో తీరని లోటు.

తూర్పు భాగవతం విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం సీమలలో భామాకలాపాన్ని, అంటే సత్యభామ కథను, రాత్రంతా ఆడే సంప్రదాయం. ఇందులో మద్దెలకే పెద్దపీట. సత్యభామ వేషధారి పాదానికీ మద్దెలకాని వేళ్లకూ మధ్య జరిగే సవాలు జవాబులను చూడటానికే జనం తెల్లవారే దాకా కూర్చొనేవారు, కనుక కొత్తగా గజ్జె కట్టినవాడు పాత్ర మాటలతో పాటు మద్దెల జతులను, అంటే లయను పలికే అక్షరాల కూర్పులను, చెవిలో నిలుపుకోవలసి ఉండేది. కృష్ణా జిల్లా కూచిపూడిలోనూ సత్యభామ వేషమే పరీక్ష. ఆ ఊరి భాగవతుల కుటుంబాలలో పుట్టిన ప్రతి మగబిడ్డా జీవితంలో ఒక్కసారైనా ఆ వేషం కట్టాలన్నది కూచిపూడి సంప్రదాయానికి ఆద్యుడని చెప్పే సిద్ధేంద్రయోగి పేర వస్తున్న ఆనవాయితీ.

20వ శతాబ్దంలో ఈ అభ్యాసానికి గడువులు ఏర్పడ్డాయి. కూచిపూడి గురువులైన వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకు నేర్పడం, వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పడం వంటి మార్పులతో, వంశంతో సంబంధం లేని పిల్లలకు ఆ విద్య అందింది. ఉత్తరాంధ్రలో 1919లో హరికథా విద్వాంసుడు ఆదిభట్ల నారాయణదాసు ప్రథమ అధ్యక్షునిగా విజయనగరంలో మొదలైన సంగీత కళాశాల తరువాతి కాలంలో సంగీత నృత్య కళాశాలగా పెరిగింది. ఇటువంటి ప్రభుత్వ కళాశాలలలో సర్టిఫికెట్ కోర్సు 4 ఏళ్లు, డిప్లొమా మరో 2 ఏళ్లు. అరమండి, అంటే మడమలు దగ్గరగా ఉంచి మోకాళ్లు ఇరుపక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమ, తొడలు వణకకుండా నిలవడానికే నెలలు పడుతుంది. ఆపైన అడవులు, అంటే నృత్తానికి అక్షరమాల వంటి అడుగుల గుంపులు, ఒకటవ కాలం నుంచి మూడవ కాలం దాకా వేగం పెంచుతూ సాధించాలి.

అందరూ కలిసి ఆడే ఆటలు, చూసేవారి కోసం ఆడే ఆటలు అన్న ఈ రెండు కోవలలో సల్సా దేనికి చెందుతుందన్నది దాని చరిత్రే చెబుతుంది. క్యూబా ద్వీపపు తూర్పు భాగంలో ఆఫ్రికా, స్పెయిన్ సంగీతాల కలయికతో ఏర్పడిన సోన్ అనే పాట, మాంబో, చా-చా-చా వంటి తరువాతి రూపాలతో కలిసి వలసవచ్చినవారి వెంట న్యూయార్కు చేరింది. 1964లో జానీ పచేకో, జెర్రీ మసూచీ స్థాపించిన ఫానియా సంస్థ రికార్డుల ద్వారా 1970ల నాటికి ఆ సంగీతం సల్సా పేరిట ప్రపంచమంతా వ్యాపించింది. దీనికి ఆయువుపట్టు క్లావే: రెండు చిన్న కర్రలను ఒకదానితో ఒకటి తాకించి, రెండు ఆవర్తాల మీద ఐదు దెబ్బలుగా పరిచే తాళం. కోలాటం ఎరిగిన చెవికి ఆ కర్రల చప్పుడు పరాయిదిగా తోచదు. ఎనిమిది మాత్రలలో 1, 2, 3, 5, 6, 7 మీద అడుగు వేసి 4, 8 మీద ఆగడం దాని మూల నడక.

క్యూబాలో, ప్యూర్టోరికోలో ఎందరో పిల్లలు దీన్ని ఇంటి వేడుకలలో పెద్దల చేయి పట్టుకొనే నేర్చారు. కొండమీది పిల్ల థింసా నేర్చినట్లే. తరగతి గదికి వచ్చాకే దానికి గడువు పుట్టింది. మూల నడక ఒక సాయంత్రంలో కాలికి తెలుస్తుంది. వారానికి ఒకటి రెండు తరగతులకు వెళ్లేవారు అపరిచితమైన జోడీతో ఒక పాట మొత్తం తడబడకుండా ఆడటానికి సుమారు మూడు నెలలు, పాటను వింటూ తోచినట్లు మలుపులు కూర్చుకోవడానికి ఏడాది రెండేళ్లు పడతాయన్నది నేర్పేవారి సాధారణ అనుభవం. తరగతిలో నేర్చి ఇంటికి వెళ్లిపోయేవారికంటె, పాటలు పెట్టి అందరూ కలిసి ఆడే సాయంత్రాలకు వెళ్లేవారికి అడుగు త్వరగా అబ్బుతుంది. కారణం సులువే: ప్రదర్శనకు దిద్దుకొనే విద్యలా నేర్పుతున్నా, దాని స్వభావం వరుసలో చేర్చుకొనే ఆటది. కూచిపూడికి పెట్టే గడువుతో దాన్ని కొలవడం, థింసాను డిప్లొమాతో కొలవడం వంటిదే.

అనకాపల్లిలో కొత్త అమావాస్యకు, అంటే ఉగాదికి ముందురోజు అమావాస్యకు, మొదలై నెలపాటు సాగే నూకాలమ్మ జాతర ఉత్తరాంధ్ర నలుమూలలనుంచీ జనాన్ని రప్పిస్తుంది. తెలుగు పల్లెలలో ఇటీవలి దశాబ్దాలలో స్త్రీల కోలాట బృందాలు విస్తారంగా పెరిగాయి. ఒకే రంగు చీరలు కట్టి గుడి ఉత్సవాలలోనూ, తిరుమల బ్రహ్మోత్సవాలలోనూ ఆడే ఈ బృందాలలో కోల పట్టుకోవడం యాభై ఏళ్లు దాటాక నేర్చినవారూ ఉంటారు. పగలు ఇంటిపనీ పొలంపనీ ముగించుకొని, రాత్రి భోజనాలయ్యాక రామమందిరం ముందు చేరే అభ్యాసంలో, జంటలకు ఒకరు తక్కువైన రోజున గురువు తాళాలు పక్కనపెట్టి తానే రెండు కోలలు అందుకొంటాడు, అందరికంటె ఆలస్యంగా చేరిన ఆమెకు ఎదురుగా నిలబడి, ఆమె కోల తన కోలను తాకే దాకా చేయి చాచి ఆగుతాడు.