హైవే మీద పికప్ వణుకుతోందా? జవాబు 1683లోనే ఉంది

ఈరోజు ఎపిసోడ్ ఒక వణుకు గురించి. పికప్ బండి ఊళ్లో బాగానే నడుస్తుంది. హైవే ఎక్కి 80 దాటగానే సీటు కింద సన్నగా వణుకు మొదలవుతుంది. మనవాళ్లు ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేయిస్తారు, తగ్గకపోతే టైర్లే మార్చేస్తారు. డబ్బులు పోతాయి, వణుకు మాత్రం పోదు.

గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి పోయే పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని చాలామంది పట్టించుకోరు. దాని రెండు చివర్లా ప్లస్ గుర్తు ఆకారంలో ఉన్న క్రాస్ జాయింట్లు ఉంటాయి. వాటి కథ తెలిస్తే సగం జబ్బు దొరికినట్టే.

ఈ జాయింట్‌కి కార్డాన్ జాయింట్ అనే పేరు కూడా ఉంది. అది 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు. కానీ దీన్ని లోతుగా పట్టి చూసింది ఇంగ్లండ్‌కి చెందిన రాబర్ట్ హుక్. అవును, మన ఫిజిక్స్ పుస్తకంలో స్ప్రింగ్ సూత్రం చెప్పిన హుక్ ఆయనే! 1676లో ఆయన దీని గురించి రాసేనాటికి కార్లు ఎక్కడివి? ఆయన ధ్యాసంతా ఆకాశాన్ని చూసే పరికరాల మీద, నీడ గడియారాల మీద.

ఆయన పట్టుకున్న సంగతి ఏంటంటే, జాయింట్ వంపులో ఉన్నప్పుడు ఇటువైపు ఒకే వేగంతో తిప్పినా అటువైపు ఒకే వేగంతో తిరగదు. ఒక్క చుట్టులో రెండుసార్లు వేగం పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. 10 డిగ్రీల వంపుకి ఈ తేడా అటూ ఇటూ 1.5 శాతం. ఇంతేనా అనిపిస్తుంది కదా? కానీ 100 కిలోమీటర్ల స్పీడ్‌లో పికప్ షాఫ్ట్ సెకనుకి 45 చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది. అంటే సెకనుకి దాదాపు 90 కుదుపులు!

దీనికి మందు కూడా హుక్కే చెప్పాడు, 1683లో. ఒకటి కాదు, రెండు జాయింట్లు పెట్టండి, మొదటిది తెచ్చిన తేడాని రెండోది సరిచేస్తుంది అన్నాడు. అయితే షరతులు రెండు. రెండు చోట్లా వంపు సమానంగా ఉండాలి. మధ్య షాఫ్ట్‌కి రెండు చివర్లా ఉన్న ఫోర్కులు ఒకే వరసలో ఉండాలి.

తర్వాత అమెరికాలో క్లారెన్స్ స్పైసర్ 1903లో కార్ల కోసం యూనివర్సల్ జాయింట్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో చాలా కార్లు సైకిల్లాగా చైన్‌తో నడిచేవి. మెల్లగా చైన్ పోయి షాఫ్ట్ వచ్చింది. హుక్ షరతులు మాత్రం మారలేదు.

ఇప్పుడు మన బండికి వద్దాం. 80 స్పీడ్‌లో ఒకసారి నాలుగో గేర్‌లో, ఒకసారి ఐదో గేర్‌లో నడిపి చూడండి. వణుకు గేర్‌తో మారితే ఇంజిన్ వైపు చూడాలి. మారకపోతే చక్రాలో, షాఫ్టో. చక్రం ఆ వేగంలో సెకనుకి తొమ్మిది పది సార్లే తిరుగుతుంది కాబట్టి ఊగినట్టు ఉంటుంది. షాఫ్ట్ దానికి నాలుగింతలు తిరుగుతుంది కాబట్టి సన్నగా, గుయ్‌మన్నట్టు ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా ఉంటే జాయింట్ల మీద అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

అప్పుడు నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఈమధ్య బండిలో ఏం మారింది? ఎక్కువ లోడు కోసం కమాన్ కట్టలు వేయించారా? వెనక యాక్సిల్ వంపు మారి మొదటి షరతు పోయి ఉండొచ్చు. క్లచ్ పనికి షాఫ్ట్ విప్పారా? గుర్తు పెట్టుకోకుండా తిరిగి బిగిస్తే రెండో షరతు పోతుంది. ఏమీ మారలేదంటే బండి ఆపి, చక్రాలకి అడ్డం పెట్టి, షాఫ్ట్‌ని చేత్తో కదిపి చూడమనండి. క్రాస్‌లో లూజ్ ఉందా, సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగిందా తెలుస్తుంది.

దీన్ని చిన్న వణుకే కదా అని వదిలేయొద్దు ఫ్రెండ్స్. ముందు జాయింట్ విరిగితే షాఫ్ట్ రోడ్డుకి గుచ్చుకుంటుంది. ఈసారి టైర్లు కొనేముందు ఒక్కసారి బండి కిందకి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.