పడవలో బ్యాటరీ, దానిని నింపెడి దారి

ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో రాగిరేకును, తుత్తునాగపు కడ్డీని గాజుపాత్రలలో ముంచి చిన్న దీపమును వెలిగించిన విద్యార్థికి, అట్టి పాత్రలను కొన్ని వందలు పేర్చినచో పడవను నడపవచ్చునా యను సందేహము కలుగక మానదు. ఆ సందేహమును నిజముగా నదిలో పరీక్షించి చూచినవాడు మోరిట్జ్ జాకోబీ. జర్మనీలో పుట్టి రష్యాలో స్థిరపడిన ఈ ఇంజనీరు, జారు చక్రవర్తి మొదటి నికొలాస్ ఇచ్చిన ధనసహాయముతో 1838వ సంవత్సరమున సెయింట్ పీటర్స్‌బర్గు నగరములో నేవా నదిపై ఒక పడవను విద్యుత్తుతో నడిపెను. పడవ పొడవు సుమారు 28 అడుగులు. దానిలో డజను మంది వరకు కూర్చుండిరి. వారితోపాటు 320 జతల రాగి, తుత్తునాగపు పలకలు కూడ ప్రయాణము చేసినవి. వేగము మాత్రము మనిషి నడకను మించలేదు.

మరుసటి సంవత్సరము జాకోబీ గ్రోవ్ ఘటములను వాడెను. వీనిలో రాగికి బదులు ప్లాటినము, దాని చుట్టును గాఢ నత్రికామ్లము ఉండును. ఘటముల సంఖ్య తగ్గెను, బలము పెరిగెను. కాని గ్రోవ్ ఘటము పనిచేయునపుడు ఎఱ్ఱని విషవాయువు వెలువడును. దానిని ఒక్కసారి వాసన చూచినవాడు ఆ ఘటముల నడుమ కూర్చుండి నౌకావిహారము చేయ నిచ్చగించడు.

అయినను జాకోబీ ప్రయత్నమును ఆపినది వాయువు కాదు, ధర. ఆవిరియంత్రమున బొగ్గు ఎట్లో ఈ ఘటములలో తుత్తునాగము అట్లు. అది కరగి ఖర్చగుచుండును. ఖర్చయిన పిమ్మట బ్యాటరీని నింపుట యనగా క్రొత్త లోహమును, క్రొత్త ఆమ్లమును కొని పోయుటయే. ఆ కాలముననే ఇంగ్లండులో జౌల్ లెక్కకట్టి చూచెను. ఒక పౌను తుత్తునాగము చేయు పని, మంచి కార్నిష్ ఆవిరియంత్రములో ఒక పౌను బొగ్గు చేయు పనిలో నాలుగవ వంతైనను లేదు. ధరయో, ఎన్నో రెట్లు అధికము. కనుక జాకోబీ ఓడిపోయెనని వ్రాయుట న్యాయము కాదు. ఆయన మోటారు తిరిగెను, పడవ కదిలెను. బ్యాటరీని చౌకగా నింపెడి దారి మాత్రము అప్పటికి లోకమున లేదు.

ఆ దారిలో సగము 1859లో తెరచుకొనెను. ఫ్రాన్సు దేశపు గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకుల నడుమ గుడ్డపీలికలను వేసి, చాపవలె చుట్టి, సజల గంధకికామ్లములో ముంచెను. దానిలోనికి విద్యుత్తును పంపి, తిరిగి రాబట్టవచ్చునని చూపెను. లోహము ఖర్చయిపోదు, రూపము మాత్రము మారి, మరల పూర్వరూపమునకు వచ్చును. కాని దానిలోనికి పంపుటకు విద్యుత్తు ఎక్కడిది? తుత్తునాగపు ఘటములనుండియే! తొట్టిని చెంబుతో నింపి, చెంబుతోనే తోడుకొన్నట్లాయెను. పైగా సీసపు రేకులు పనికి వచ్చుటకు నెలల తరబడి మార్చి మార్చి విద్యుత్తును నింపవలసి యుండెను. 1871లో గ్రామ్ తన డైనమోను లోకమునకు చూపినపుడుగాని ప్లాంటే ఘటమునకు తగిన జోడు దొరకలేదు. పదేండ్ల పిమ్మట ఫార్ అను మరియొక ఫ్రెంచివాడు సీసపు రేకులకు సిందూరమును ముద్దగా మెత్తి, నెలల పనిని ఎంతో తగ్గించెను. మన చిత్రకారులు వాడు సిందూరమే అది, సీసపు భస్మము.

ఇక పడవలవారు ఆలస్యము చేయలేదు. 1881లో ట్రూవే పారిస్ నగరమున సీన్ నదిపై చుక్కానికే మోటారును తగిలించి ఒక పడవను నడిపెను గాని, ఆయనవి ఇంకను ఖర్చయిపోవు ఘటములే. 1882లో లండన్ నగరమున థేమ్స్ నదిపై ‘ఎలక్ట్రిసిటీ’ అను చిన్న ఇనుపపడవ 45 సీసపు ఘటములతో బయలుదేరినది. అసలు విశేషము మరి ఆరేడేండ్లకు జరిగెను. మోరిట్జ్ ఇమిష్ స్థాపించిన సంస్థ అద్దె పడవలను కట్టించి ఊరుకొనలేదు, నది పొడవున విద్యుత్తును నింపెడి మజిలీలను కూడ ఏర్పరచెను. 1893 నాటి ఒక విహారపటములో క్యూ మొదలు రెడింగు వరకు ఇట్టి మజిలీలు ఎనిమిది గుర్తింపబడి యున్నవి. పగలు పడవ పందెములు చూచి, రాత్రి అచట పడవను కట్టివేసి, ఉదయమునకు నిండిన బ్యాటరీతో ముందుకు సాగవచ్చును. అదే సంవత్సరము షికాగో ప్రపంచ ప్రదర్శనమున 50కి పైగా విద్యుత్ పడవలు పది లక్షలమందికి పైగా జనమును త్రిప్పినవి.

అట్టి పడవలు ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకములలో దాదాపు కనుమరుగైనవి. బ్యాటరీ చెడ్డదగుటచేత అని చెప్పుట సులభము. నాకు తోచు కారణము వేరు. ఇమిష్ పడవ ఇమిష్ మజిలీలు ఉన్నంతమేరకే పోగలదు. పెట్రోలు డబ్బానో, ఏ పల్లెరేవునందైనను దింపుకొనవచ్చును.

పెట్రోలు, డీజెలు ఇంజనులు వచ్చిన పిదప బ్యాటరీ పడవనుండి తొలగిపోలేదు. యజమాని స్థానమునుండి దిగి సేవకుడైనది. ఇంజనును త్రిప్పి మొదలుపెట్టుట, దీపములు, రేడియో, అడుగున చేరిన నీటిని తోడు పంపు దాని పనులైనవి. నేడు మన కాకినాడ, విశాఖ రేవులలోని మరపడవలయందును ఇదే ఏర్పాటు. నడిసముద్రమున ఆ పంపు ఆగినచో ఏమగునో చెప్పనక్కరలేదు. దానిని నింపు పని ఇంజనుకు తగిలించిన డైనమోది. 1960 ప్రాంతమున సిలికాన్ డయోడులు చౌకయైన తరువాత ఆ స్థానము ఆల్టర్నేటరుది.

చిక్కు ఇక్కడనే కలదు. ఈ ఏర్పాటు మోటారుకారునుండి ఎరువు తెచ్చుకొన్నది. కారు బ్యాటరీ ఇంజనును త్రిప్పుటకు కొన్ని క్షణములు మాత్రమే విద్యుత్తునిచ్చి, కొద్ది నిమిషములలో మరల నిండును. పడవ బ్యాటరీ రాత్రియంతయు దీపములకు ఇచ్చి, తెల్లవారుసరికి సగము ఖాళీయగును. సీసపు ఘటము నిండుచున్నకొలది ఎదురు వోల్టేజి పెరిగి, ప్రవాహము తగ్గిపోవును. అందుచేత చివరి ఐదవ వంతు నిండుటకు గంటలు పట్టును. అంతసేపు ఇంజనును నడుపు వారెవరు? సగము నిండిన బ్యాటరీని అట్లే వదలినచో పలకలపై లెడ్ సల్ఫేటు గట్టిపడి దాని ఆయువును తినివేయును. పట్టుబట్టి పూర్తిగా నింపబోయినచో చివర హైడ్రోజను వెలువడును. మూసిన గదిలో అది ప్రమాదకరము. పడవ బ్యాటరీలలో చాలభాగము వయసు మీరి గాక, కడుపు నిండక చచ్చుచున్నవనుట అతిశయోక్తి కాదు.

ఈ కొరతను తీర్చునట్లు కనబడినది లిథియము బ్యాటరీ. టెక్సాస్ విశ్వవిద్యాలయమున గుడినఫ్ బృందము లిథియమ్ ఐరన్ ఫాస్ఫేటు గుణములను 1997లో ప్రకటించెను. ఆ వ్యాసమున మొదటి పేరు అక్షయ పాధిది. గుడినఫ్‌కు 2019లో నోబెల్ బహుమానము లభించినది. ఈ ఘటములు నాలుగింటిని కలిపినచో 12.8 వోల్టులు వచ్చును. సీసపు బ్యాటరీకి సమీపమే. నూరు ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ 30 కిలోల వరకు తూగును, సగమే వాడదగును. లిథియముది అందులో సగము బరువైనను ఉండదు, నూటికి ఎనుబది వంతులు వాడవచ్చును. వోల్టులు ఒకటే కదా యని పాతదానిని తీసి క్రొత్తదానిని పెట్టిన పడవవారు కొందరికి మరునాడే ఆల్టర్నేటరు పొగలు క్రక్కినది.

కారణము ఓమ్ నియమము నెరిగిన విద్యార్థి ఊహింపగలడు. లిథియము ఘటముల అంతర్నిరోధము మిక్కిలి తక్కువ. నిండుచున్నను ప్రవాహమును తగ్గించుకొనవు. సీసపు బ్యాటరీ కొంతసేపటికి చాలుననుచుండెను గనుక ఆల్టర్నేటరునకు విశ్రాంతి దొరకెడిది. ఇపుడది శక్తికొలది ఇచ్చుచునే యుండవలెను. ఇంజను మెల్లగా తిరుగునపుడు దానిని చల్లార్చు పంకాయు మెల్లగానే తిరుగును. రెండవ అపాయము ఇంకను వింతది. లిథియము బ్యాటరీలోని రక్షణ సాధనము, మితి మీరెనని తోచిన క్షణమున బ్యాటరీని వలయమునుండి విడదీయును. నిండు ప్రవాహమున నున్న ఆల్టర్నేటరునకు హఠాత్తుగా దారి మూసికొనుటచే వోల్టేజి ఎగసి, డయోడులను, ఒక్కొక్కప్పుడు రేడియోను గూడ కాల్చివేయును. పోనీ, వోల్టుమీటరును చూచి జాగ్రత్తపడుదమన్నను వీలులేదు. ఈ ఘటము దాదాపు నిండినపుడును, దాదాపు ఖాళీయైనపుడును చూపు తేడా అర వోల్టు లోపలనే. లోనికి పోయిన, వెలుపలికి వచ్చిన ఆంపియర్-గంటలను లెక్కించు మీటరు తప్పనిసరి.

కనుక తెలిసినవారు ఇంజనును త్రిప్పుటకు పాత సీసపు బ్యాటరీని అట్లే యుంచి, ఆల్టర్నేటరును దానికే కలుపుదురు. అచ్చటినుండి హద్దు మీరని ప్రవాహమును మాత్రమే ఒక డి.సి. చార్జరు ద్వారా లిథియమునకు పంపుదురు. లేదా ఆల్టర్నేటరు వేడిని కనిపెట్టి ప్రవాహమును తగ్గించు రెగ్యులేటరును అమర్చుదురు. ఖర్చు బ్యాటరీతో తీరదు.

జాకోబీ వలె బ్యాటరీతోనే పడవను నడపవలెనన్నవారికి దారి మరల తెరచుకొనినది. కేరళ జలరవాణాశాఖ 2017 జనవరిలో వేంబనాడు సరస్సున వైక్కం, తవణక్కడవు రేవుల నడుమ ‘ఆదిత్య’ అను పడవను ప్రవేశపెట్టెను. 75 మంది ఎక్కు ఈ పడవ పైకప్పున 20 కిలోవాట్ల సౌరఫలకములు, లోపల 50 యూనిట్లు నిల్వయుంచు లిథియము బ్యాటరీ కలవు. మజిలీ నెత్తిపైననే ఉన్నదన్నమాట. 2023 ఏప్రిల్‌లో కొచ్చి జలమెట్రో ఆరంభమైనపుడు మాత్రము వేరు లెక్క వేసిరి. ఆ పడవలలోనిది లిథియమ్ టైటనేటు రకము. సమానమైన విద్యుత్తునకు ఇది ఐరన్ ఫాస్ఫేటు రకముకంటె బరువు, ధరయు ఎక్కువ. అయినను దానినే ఎన్నుకొనిరి. ఏలన, ప్రయాణికులు దిగి ఎక్కు వ్యవధిలో, పది పదిహేను నిమిషములలో, రేవునందే దానిని నింపవచ్చును. అవసరమునకు ఒక డీజెలు జనరేటరును కూడ ఆ పడవలలో ఉంచిరి.